గోనెపట్ట కప్పుకున్న సోడా మిషను

ఇంకొంచెం దగ్గరికి జరగండి, ఆ ఫ్యాను గాలి మీకు కూడా తగిలేటట్టు కూర్చోండి. చెప్పబోయేది చల్లదనం సంగతి. చెమటలు తుడుచుకుంటూ వింటే దాని రుచి తెలియదు. (మంచినీళ్లు తాగేవాళ్లు ఇప్పుడే తాగేయండి. మొదలుపెట్టాక నేను మధ్యలో ఆపను, మా ఇంట్లో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు.) ఆ రోజుల్లో మా కమలాపురంలో ఏప్రిల్ నెల దాటిందంటే ఏ మాట ఎత్తినా ముందు ఎండే వచ్చేది. ఎవరైనా పోయారని కబురొస్తే “ఈ ఎండలో పోయినాడా పాపం” అనేవాళ్లు, ఎవరింట్లోనైనా బిడ్డ పుట్టిందంటే “ఈ ఎండలో పుట్టిందా పాపం” అనేవాళ్లు. చల్లదనం అంటే ఇంట్లో కుండ, బజారులో ఐసుగడ్డ, అంతే. ఆ ఐసుగడ్డ కడపలో పుట్టి, ఒళ్లంతా రంపపుపొట్టు పూసుకుని, తడి గోనెపట్ట చుట్టుకుని, బస్సు మీదెక్కి మా ఊరికి వచ్చేది. పట్ట ఎంత మందంగా చుడితే గడ్డ అంత మిగిలేది. అందుకే మా ఊళ్లో నడక రాని బిడ్డకు కూడా ఒక సంగతి తెలుసు: చల్లగా ఉన్నదాన్ని తడి గోనెపట్ట కప్పి దాచుకోవాలి. దాన్ని మాకు ఎవరూ బడిలో నేర్పలేదు, మేమూ ఎప్పుడూ అనుమానించలేదు.

నాకప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ జ్ఞాపకం మాత్రం ఎక్కడా ఆగలేదు. సండే స్కూల్లో కంఠతా వాక్యాల పోటీ పెడితే బహుమతిగా ఇచ్చే స్టీలు గ్లాసు ప్రతి ఏడూ మా ఇంటికే వచ్చేది. మా అమ్మ వంటింట్లో అన్నీ ఒకే రకం గ్లాసులు వరుసగా మెరుస్తుంటే, ఏ అంగట్లో కొన్నారని చుట్టాలు అడిగేవాళ్లు. ఒకసారి విన్నది పొల్లు పోకుండా అప్పజెప్పేదాన్ని కాబట్టి ఊళ్లో నా పేరు టేప్‌రికార్డరు. (టేప్‌రికార్డరుకు తాను పాడే పాట అర్థమవుతుందా అని మాత్రం అడగకండి, ఆ సంగతి దగ్గరికే వస్తున్నాను.) మా నాయనది ఎర్రగడ్డల మడి (మీరు ఉల్లిపాయలంటారు). నాయన వాళ్లక్క, అంటే మా అత్త, బస్టాండు ఎదురుగా కూల్‌డ్రింకుల అంగడి పెట్టుకుని ఒంటరిగా నడుపుకునేది. గొంతు పెద్దది. చర్చిలో ఆడవాళ్ల పాటల గుంపుకు ఆమే ముందు. లోపల ఆమె “స్తోత్రం” అంటే బయట బస్సులో నిద్రపోతున్న డ్రైవరు లేచి హారన్ కొట్టేవాడు. ఆ ఎండాకాలం తోడు కావాలని నన్ను అంగడికి తెచ్చుకుంది. నడుము వంచి ఎర్రగడ్డలు పెరికే పని ఎక్కడ, నిలబడి ఊరంతటితో మాట్లాడే పని ఎక్కడ! వచ్చిన పూటే నిర్ణయించుకున్నాను, ఈ అంగడి వదిలి నేను పోయేది లేదని. నాయన మాత్రం “ఈ ఎండాకాలం వరకే” అని చెప్పి పంపాడు.

అత్తకు మిషను పిచ్చి ఎక్కించింది నేనే. చుట్టాలింటికి కర్నూలు పోయినప్పుడు కల్లూరులో షేర్ ఆటో దిగుతూ ఒక అంగట్లో చూశాను. నిలువెత్తు పెట్టె, దానికి వరుసగా కొళాయిలు, ఒక్కో కొళాయి మీద ఒక్కో బొమ్మ: నన్నారి, నిమ్మ, జీలకర్ర, ద్రాక్ష. వంచితే చాలు, ఐసుముక్క అక్కరలేకుండా సోడా నురుగుతో పళ్లు జివ్వుమనేటంత చల్లగా గ్లాసులోకి దూకుతుంది. మళ్లీ వారమే అత్తను వెంటబెట్టుకుని పోయాను. అలాంటి పాత మిషన్లను బాగుచేసి అమ్మే ఆయన అక్కడే ఒక షెడ్డులో ఉండేవాడు, ఆయనను కల్లూరన్న అనుకుందాం. “దుడ్ల మాట తర్వాత అక్కా. పెండ్లిండ్ల కాలం అయిపోయేదాకా వాడుకో. బాగుంటే పెట్టుకో, లేకుంటే తెచ్చి నా మొగాన కొట్టు. ముందు దీన్ని సూసుకునేది ఎవురో చెప్పు, వాళ్లకు నాలుగు మాటలు చెప్పల్ల” అన్నాడు. అత్త నన్ను ముందుకు తోసింది. “దీనికి చెప్పప్పా. ఒక్కసారి చెప్తే సాలు, సచ్చేదాకా మర్సిపోదు.”

కల్లూరన్న గొంతు సవరించుకున్నాడు. “నిలబెట్టే తీసకపోవల్ల, పండబెట్టకూడదు. దింపినాక రవంతసేపు తాళి కరెంటు ఇయ్యల్ల. ఆపినాక ఎంటనే వేయకూడదు, కింద కంప్రెసరు ఉండాది, అది ఊపిరి తీసుకోవల్ల. కొళాయి మూతులు దినామూ ఊడదీసి గోరెచ్చని నీళ్లతో కడగల్ల, లేకుంటే చీమలు కాపురం పెడతాయి. ఇదో, ఈ ఎనకాల జాలీ ఉండాది సూడు, దీన్ని కండెన్సరు అంటారు. దీనికి గాలి ఆడల్ల. గోడకు మూరెడు ఎడం పెట్టల్ల. దినామూ బ్రష్షుతో దుమ్ము దులపల్ల.” ఆయన ఆఖరి మాట ముగించేలోపు నేను మొదటి మాట నుంచి అందుకుని మొత్తం అప్పజెప్పేశాను, మధ్యలో ఆయన దగ్గిన దగ్గుతో సహా. ఆయన నోరు తెరిచి “బలే పిల్లనక్కా!” అన్నాడు. ఆ మెప్పును నేను మోసుకుంటూ, మిషనును టెంపో మోసుకుంటూ, ఇద్దరమూ కమలాపురం చేరాం.

చెప్పింది చెప్పినట్టు చేశాను. నా చేత్తోనే కొలిచి గోడకు మూరెడు ఎడం పెట్టాను. దించిన తరువాత ఆగి కరెంటు ఇచ్చాను. మొదటి రోజుల్లో ఆ మిషను పోసిన చల్లదనానికి బస్సులే ఆలస్యంగా కదిలాయి. కండక్టర్లు రైటు చెప్పి, మళ్లీ హోల్డాన్ చెప్పి, దిగి వచ్చి తాగి పోయేవాళ్లు. ఊళ్లో తాగనివాడు ఒక్క కుండ తాత. చర్చి పెద్దల్లో ఆయనొకడు. కుండనీళ్లు తప్ప ముట్టడు, ఎవరింటికి పోయినా చిన్న కుండ ఒకటి ఉట్టిలాగా భుజానికి తగిలించుకుని పోతాడు. దినామూ వచ్చి మిషను ముందు నిలబడి దాన్ని కిందికీ మీదికీ చూసేవాడు. “ఇవి కరెంటు నీళ్లు. కడుపులోకి పోయి షాకు కొడతాయి.” అత్త గ్లాసులు తుడుస్తూనే జవాబిచ్చేది. “నీకేం కాదు లే తాతా. నీ కడుపులో ఉండే కోపానికి నా మిషను ఫ్యూజే ఎగిరిపోతాది.” ఇట్లా రోజూ అనుకునేవాళ్లు గనక ఎప్పుడూ కొట్లాట కాలేదు. కానీ తాత మనవరాలి పెండ్లి కుదిరినప్పుడు వ్యవహారం ముదిరింది. విందులో నన్నారి షర్బత్ కుండల్లో పెట్టాలని తాత పట్టుదల. అత్త ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో, అందరూ చెప్పులు వేసుకుంటుండగా నిలబడి అన్నది: “తాతా, నీ కుండ నాలుగు చెంబులు ముంచితే ఎచ్చబడతాది. నా మిషను ఊరంతటికీ పోస్తాది. ఆ పొద్దు ఒక్క గ్లాసు ఎచ్చగా వచ్చిందా, మల్లా దాన్ని ఈ ఊళ్లో సూడవు. కల్లూరుకు పంపిచ్చేస్తా.” తాత భుజం మీది కుండను తట్టి “అందరూ ఇన్నారు గదా” అన్నాడు. అందరిలో మా నాయన కూడా ఉన్నాడు. ఆయన నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. “పెండ్లి దాకా సూస్తా పాపా. మిషను నిలిస్తే నువ్వూ అంగట్లోనే నిల్చు. లేకుంటే అది కల్లూరుకు, నువ్వు ఎర్రగడ్డల మడికి.” అప్పటి నుంచి ఆ పెట్టె మీద ఈగ వాలినా నా ఒంటి మీద వాలినట్టే ఉండేది.

ఇక గోడకు పెట్టిన మూరెడు ఎడం కథ వినండి. చిన్న అంగట్లో ఖాళీ జాగా ఖాళీగా ఉండదు. ముందు చీపురు చేరింది. చీపురు ఒక్కటే ఎందుకుండాలని గొడుగు చేరింది. తర్వాత ఖాళీ సీసాల పెట్టెలు రెండు, అత్త చెప్పులు, ఎవరో మర్చిపోయి పోయిన సంచి. పక్కది బొరుగుల భట్టి. అక్కడి అవ్వ బొరుగులు వేయించి చాటతో చెరిగినప్పుడల్లా తెల్లటి పొట్టు లేచి మా అంగట్లోకి వచ్చి స్థిరపడేది. ఒకనాడు అత్త చీపురు కోసం వెనక్కి చెయ్యి పెట్టి కెవ్వుమంది. “ఏమే, ఈడ కాల్తాండాది!” నేనూ చెయ్యి పెట్టి చూశాను. జాలీలోంచి సెగ. చల్లటిది ఇచ్చే మిషనుకు వెనక సెగ ఏమిటి? క్షణంలో మనుషులు పోగయ్యారు. భట్టి అవ్వ తన చెయ్యి కూడా ఆనించి చూసింది. నిప్పుల దగ్గర బతికే మనిషి, వేడి సంగతి ఆమె చెబితే తిరుగులేదు. “జరమే ఇది. ఎండదెబ్బ తగిలింది దీనికి. తడిగుడ్డ ఎయ్యండి” అన్నది. అత్త ఇంకో అడుగు ముందుకేసింది. “గుడ్డ యాల? ఐసుకు చుట్టే గోనెపట్ట ఉండాది గదా. సల్లదనమంతా ఎనక నుంచి కారిపోతాంటే బొక్క మూయకుండా సూస్తా కూచుంటామా?” పట్టను బకెట్టులో ముంచి తీసి, మిషను వీపు మీద, జాలీ నిండా కప్పాం. చూసినవాళ్లందరూ తల ఊపారు. ఒక కండక్టరు “ఇప్పుడు బాగుంది” అని కూడా అన్నాడు.

నేను అడ్డు చెప్పలేదా అంటే, ఎందుకు చెబుతాను? కల్లూరన్న మాటలను మనసులో మొదటి నుంచి చివరికి తిప్పి చూసుకున్నాను. గోనెపట్ట కప్పకూడదని ఎక్కడా లేదు. లేనిదాన్ని చేర్చకూడదు, ఉన్నదాన్ని తీసేయకూడదు, కంఠతా పట్టేవాళ్ల ధర్మం అదే. దుమ్ము దులపాలని ఉంది కాబట్టి దినామూ పొద్దున్నే బ్రష్షు పట్టుకుని దులిపాను. దేన్ని? గోనెపట్టను! దాని మీద అతుక్కున్న బొరుగుల పొట్టును నిష్ఠగా దులిపి, మళ్లీ తడిపి కప్పి, కొళాయి మూతులు కడిగి, ఇంత బుద్ధిగా మిషను చూసుకునేవాళ్లు జిల్లాలో ఇంకెవరున్నారని అనుకుంటూ గల్లాపెట్టె పక్కన కూర్చునేదాన్ని.

పెండ్లి దగ్గరపడేకొద్దీ మిషను తీరు మారింది. పొద్దున్నే బాగానే పోసేది, ఎండ ఎక్కేసరికి కొళాయిలోంచి స్నానానికి కలిపిన నీళ్లలాంటివి వచ్చేవి. కింద కంప్రెసరు గుర్రుమని లేచి, కొంచెంసేపు మూలిగి, టిక్‌మని పడిపోయేది. కాసేపటికి మళ్లీ గుర్రు, మళ్లీ టిక్. అత్త కడపలో ఉండే మెకానిక్కుకు ఫోన్ చేసింది. ఆయనకు ఏ జబ్బు చెప్పినా ఒకటే మందు గనక అందరూ గ్యాస్ భాయ్ అనేవాళ్లు. మనిషి మంచివాడు, ఫోన్‌లోనే రోగం వాసన పట్టేవాడు. “గ్యాస్ పోయుంటాదమ్మా” అన్నాడు. “సప్పుడు కూడా వస్తాంది భాయ్” అంటే “అదే, గ్యాస్ పోయే సప్పుడు” అన్నాడు. “టిక్‌మని నిలబడి మల్లా లేస్తాది” అంటే “గ్యాస్ కోసరం ఎతుక్కుంటాది పాపం” అన్నాడు. తాను మదనపల్లెలో ఏదో కోల్డ్ స్టోరేజీ పనిలో చిక్కుకున్నానని, పెండ్లి అయ్యాక సోమవారం తప్పకుండా వస్తానని, అంతదాకా మిషనును చల్లగా చూసుకోమని చెప్పి పెట్టేశాడు. చల్లగా చూసుకోమన్నాడు కదా అని అత్త ఇంకో గోనెపట్ట తెచ్చింది.

పెండ్లి పొద్దున మిషను నిలబెట్టే తీసుకుపోయి చర్చి ఆవరణలో దించాం. రాత్రంతా ఆపి ఉంచాం కాబట్టి, కరెంటు ఇచ్చాక మొదట్లో చక్కగానే పోసింది. అత్త తాగి చూసి, కళ్లు మూసుకుని దేవుడికి వందనాలు చెప్పుకుని, పట్టుచీర సర్దుకుని పాటల గుంపు దగ్గరికి లోపలికి పోయింది. పోతూ పోతూ “ఎనకాల పట్ట ఆరనీయొద్దు” అని నాకు అప్పగించింది. అంతలో షామియానా వాళ్లు వచ్చారు. పెట్టె వీపు, దాని పట్టలు చూడ్డానికి బాగలేదని గులాబి రంగు కుచ్చుల గుడ్డ తెచ్చి మూడు వైపులా పిన్నీసులు గుచ్చి బిగించారు. ఇప్పుడు మిషను పెండ్లికూతురికంటే అందంగా ఉంది, లోపల మాత్రం దానికి ఊపిరి లేదు. చర్చిలో ప్రమాణాలు మొదలయ్యాయి. నేను రుచి చూద్దామని నన్నారి కొళాయి వంచాను. వెచ్చగా వచ్చింది. నిమ్మ వంచాను, అదీ వెచ్చనే. కింద గుర్రుమంది, టిక్‌మంది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆవరణ గేటు దగ్గర మా నాయన ఆటో దిగుతూ కనిపించాడు.

పట్ట ఆరిందేమో, అందుకే చల్లదనం కారిపోతోందేమో అని చెంబు నీళ్లు తీసుకుని కుచ్చుల గుడ్డ కిందనుంచి దూరాను. దేవుడా, లోపల భట్టి! ముక్కులోకి గాలి పోదు, కళ్లు మండుతున్నాయి. పట్ట తడపకుండానే గుడ్డ అవతలివైపు తల బయటపెట్టి నోరు తెరిచి గాలి మింగాను. అటువైపు విందు వంటలు. పెద్ద డేగిసాలో అన్నం వార్చి గంజి తూములోకి పోస్తున్నారు. తూముకు ఏదో గుడ్డపేలిక అడ్డం పడింది కాబోలు, పోసిన గంజి అంతా పొంగి వెనక్కి వచ్చి వంటవాళ్ల కాళ్ల మీదికే పారింది. వంట మాస్టరు ఒంటికాలి మీద ఎగురుతూ అరుస్తున్నాడు. “పోస్తానే ఉండారే! తూము మూసకపోతే పోసింది యాడికి పోతాది? మల్లా మన కాళ్ల కిందికే గదా వస్తాది! ముందు ఆ పేలిక పీకండప్పా!”

సగం ఒళ్లు గుడ్డ లోపల, సగం బయట, చేతిలో చెంబు. ఆ అవస్థలోనే నాకు కల్లూరన్న మాట మొదటిసారి అర్థమైంది. జాలీకి గాలి ఆడల్ల. ఇన్నాళ్లూ నేను దాన్ని అప్పజెప్పానే గానీ, అది ఎందుకన్న మాట నన్ను నేను అడగలేదు. ఈ మిషను చల్లదనాన్ని ఎక్కడినుంచో తెచ్చి పోయడం లేదు. లోపల నీళ్లలో ఉన్న వేడిని ఎత్తి, వెనక జాలీలోంచి బయటికి పారబోస్తోంది. ఆ సెగ జ్వరం కాదు, అది చేస్తున్న పని. మేము పోయి ఆ తూములో గోనెపట్టలు కుక్కి, పైన గులాబి గుడ్డ కట్టాం. పారబోసిన వేడి మళ్లీ దాని ఒంట్లోకే పోతుంటే, అది ఎత్తలేక ఎత్తలేక సొమ్మసిల్లింది.

చెంబు విసిరేసి గుడ్డ పీకాను. పిన్నీసులు టపటపా రాలాయి. షామియానా ఆయన “ఏయ్ పాపా, డెకరేషను!” అని పరుగెత్తుకొచ్చాడు. “దీనికి సిగ్గు లేదులే అన్నా, ఊపిరి కావల్ల” అని పట్టలు రెండూ లాగి అవతల పడేశాను. జాలీ దగ్గర ముఖం పెట్టి చూశాను. తడి తగిలీ తగిలీ బొరుగుల పొట్టు, దుమ్ము కలిసి ఎండి, జాలీ నిండా కంబళి నేసినట్టు పట్టుకుంది. బ్రష్షుతో గీకితే పైపైన రాలుతోందే గానీ లోపలిది కదలదు. చర్చికి రోడ్డు అవతల పంక్చరు అంగడి, అక్కడ గాలి కొట్టే గొట్టం. మిషను కింద చక్రాలున్నాయి. ప్లగ్గు పీకి, షామియానా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, ఇద్దరమూ దాన్ని నిలువునా తోసుకుంటూ రోడ్డు దాటించాం. పంక్చరు మామ నులకమంచం మీదనుంచి లేచి మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“ఏ టైరు పాపా?”

“టైరు కాదు మామా, ముక్కు. ముక్కు మూసకపోయింది. లోపలినుంచి బయటికి కొట్టు, మరీ దగ్గరకు పెట్టొద్దు, రేకులు ఒంగిపోతాయి.”

“నాకు గాలి కొట్టేది నేర్పిస్తాండావా?” అంటూనే గొట్టం తిప్పాడు. బుస్సుమని తెల్లటి మేఘం లేచింది. బొరుగుల భట్టిలో పుట్టిన పొట్టు అంతా ఒక్కసారిగా విముక్తి పొంది ఆకాశంలోకి పోయి, పక్కనే పూలతో అలంకరించి నిలబెట్టిన పెండ్లికారు మీద మెల్లగా రాలింది. (ఆ ఫోటోలు ఇప్పటికీ వాళ్లింట్లో ఉన్నాయి. చూసినవాళ్లు మల్లెరేకులు అనుకుంటారు, నేను దిద్దను.) జాలీ ఇవతలినుంచి చూస్తే అవతల పంక్చరు మామ మీసాలు కనపడ్డాయి. మళ్లీ తోసుకుంటూ ఆవరణలోకి తెచ్చి, చుట్టూ ఎవరూ ఏమీ పెట్టకుండా నడిమధ్యన నిలబెట్టాం. ప్లగ్గు మీద చెయ్యి పడబోయి ఆగింది. ఊపిరి తీసుకోవల్ల. కంప్రెసరు ఇంకా కాలిపోతోంది. ఇప్పుడే వేస్తే మళ్లీ టిక్కే. అది చల్లబడాలి, ఆ తర్వాత లేవాలి, లేచి నీళ్లను చల్లబరచాలి. చర్చిలోంచి పాస్టరు అయ్యగారి గొంతు వినిపిస్తోంది: “ఎండ తీవ్రత దృష్ట్యా ఈ దినము వాక్యము క్లుప్తముగా ముగిస్తున్నాను.”

మా అయ్యగారు ప్రసంగం మొదలుపెడితే పిల్లలు నిద్రపోయి లేచి మళ్లీ నిద్రపోయేవాళ్లు. జీవితంలో ఒక్కనాడు క్లుప్తంగా ముగించాలని ఆయనకు బుద్ధి పుట్టింది, అది ఆనాడే. నేను పాటల గుంపు పక్కనున్న కిటికీ దగ్గరికి పరుగెత్తి ఊచలు పట్టుకున్నాను. “అత్తా! అత్తా! ఇంకా సేపు కావల్ల!” అత్త తల తిప్పకుండా పెదవి కొసనుంచి అడిగింది. “ఎందుకే?” “ఊపిరి తీసుకోవల్ల!” “ఎవురు, నువ్వా?” “మిషను!” అత్తకు అర్థమైందో లేదో తెలియదు గానీ నా ముఖం చూసి సంగతి గ్రహించింది. అయ్యగారు ఆశీర్వాదం ఇవ్వడానికి చెయ్యి ఎత్తారు. అత్త పాట ఎత్తింది. చర్చిలో పాట నడుస్తుంటే ఆశీర్వాదం ఇవ్వడానికి లేదు. ఆయన చెయ్యి దించి చిరునవ్వుతో నిలబడ్డారు. పాట అయింది, మళ్లీ చెయ్యి లేచింది, అత్త మొదటి చరణం తిరిగి అందుకుంది. పెండ్లికొడుకు కోటులో ఉడుకుతున్నాడు. పెండ్లికూతురు మేలిముసుగుతో విసురుకుంటోంది. గుంపులో ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూనే, అత్త గొంతుకు ఎదురుచెప్పే ధైర్యం లేక పాడుతున్నారు. నేను కంప్రెసరు మీద అరచెయ్యి పెట్టి, అది చల్లబడుతోందా లేదా అని కాన్పు దగ్గర కూర్చున్న మంత్రసానిలాగా చూస్తున్నాను. మా నాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

చెయ్యి కాలడం తగ్గింది. ప్లగ్గు వేశాను. గుర్రుమంది. ఇప్పుడు టిక్ వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని ఊపిరి బిగబట్టాను. రాలేదు. మిషను లోపలి ఫ్యాను తిరిగి, జాలీలోంచి వేడిగాలి నా ముఖం మీద ఈడ్చి కొట్టింది. ఆ వడగాలి తగిలి అంత సంతోషపడిన మనిషి మా సీమలో ఇంకెవరూ ఉండరు. లోపల పాట మళ్లీ మొదటికి వచ్చింది. గ్లాసు పట్టి వంచాను, ఇంకా వెచ్చనే. ఆగాను. వంచాను, కొంచెం నయం. ఇంకో చరణం ఆగి వంచాను. గ్లాసు బయట మంచుపొర పట్టి చెయ్యి జివ్వుమంది. ఆ గ్లాసును అలాగే కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఎత్తి చూపించాను. అత్త చరణం మధ్యలో, మాట మధ్యలో, గబుక్కున “ఆమెన్” అన్నది. వెనకవాళ్లు ఇంకా పాట లాగుతూనే ఉన్నారు.

జనమంతా ఒక్కసారిగా ఎండలోకి వచ్చి మిషను చుట్టూ మూగారు. అందరినీ తోసుకుని కుండ తాత ముందుకొచ్చాడు. భుజాన కుండ ఉంది. “యాదీ, నీ కరెంటు నీళ్లు పొయ్యి. ఎచ్చగుంటే ఇక్కడే చెప్తా.” నన్నారి నిండా పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగాడు. కళ్లు పెద్దవయ్యాయి, దవడ పట్టుకున్నాడు. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “ఏం తాతా, షాకు కొట్టిందా?” తాత గ్లాసు ఖాళీ చేసి, భుజం మీది కుండ దించి, అందులో నీళ్లు మెల్లగా చెట్టు మొదట్లో పోసి, కుండ మూతి నావైపు పట్టాడు. “దీంట్లోకి పట్టు పాపా. తడిగుడ్డ చుట్టి పెడతా, సాయంత్రం దాకా సల్లగుంటాది.” ఊరంతా నవ్వింది. కుండకు తడిగుడ్డ తప్పులేదు కాబట్టి నేనూ నవ్వి నింపి ఇచ్చాను.

మా నాయన గుంపంతా పలచబడేదాకా ఒక పక్కన కూర్చుని చూశాడు. నేను పోయడం, మధ్యలో వెనక్కి పోయి జాలీ దగ్గర చెయ్యి పెట్టి గాలి చూసుకోవడం, అడ్డం వచ్చి నిలబడినవాళ్లను జరగమనడం అన్నీ చూశాడు. చివరికి లేచి వచ్చి జీలకర్ర సోడా ఒకటి తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించాడు. “ఎర్రగడ్డలు నేనే పెరుక్కుంటాలే” అన్నాడు. తువ్వాలుతో మూతి తుడుచుకుని, “వారానికొకసారి ఇంటికొచ్చి మీయమ్మకు కనపడు” అని ఆటో ఎక్కాడు. సోమవారం గ్యాస్ భాయ్ మాట తప్పకుండా వచ్చాడు. మిషను చుట్టూ తిరిగి చూసి, గ్లాసు నిమ్మసోడా తాగి, “సూసినావామ్మా, గ్యాస్ యాడికీ పోలేదు” అని మాకు ధైర్యం చెప్పి పోయాడు.

ఆ తర్వాత నాకు ఈ మిషన్లే బతుకయ్యాయి. కడపలో, రాజంపేటలో, కల్లూరులో ఎవరి అంగట్లో సోడా మిషను నీరసపడినా నాకు ఫోన్ వస్తుంది. పోయి ముందు వెనక్కి చూస్తాను. చీపురో, అట్టపెట్టెలో, క్యాలెండరో జాలీకి ఆనుకుని కనపడుతుంది. తీసి దులిపి వస్తాను. అత్త పోయి కొన్నేళ్లయింది. చర్చిలో పాటలు ఇప్పుడు వేళకు ముగుస్తున్నాయి, అదొక్కటే నాకు వెలితి. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే “చూసి చెబుతాను” అంటాను, చూశాక కూడా “అయి ఉండవచ్చు” అంటాను. తెలిసినకొద్దీ గొంతు తగ్గుతుందేమో. ఏమీ తెలియకుండానే బ్రష్షు పట్టుకుని, తల ఎత్తుకుని, పొద్దున్నే గోనెపట్టను దులిపిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొచ్చి నవ్వు వస్తుంది. నవ్వుతూనే, ఆమెకున్న ధీమాలో పిడికెడు ఇప్పుడు ఎవరైనా తెచ్చిస్తే బాగుండుననిపిస్తుంది.

సరే, లేవండి, మీకూ పనులుంటాయి. మీ ఇంట్లో పొయ్యి వేడి, పని వేడి, మాటల వేడి ఏది పుట్టినా వెనక వాకిలి గుండా బయటికి పోవాలి. దాహంతో మీ గడప తొక్కినవాళ్లు చల్లబడి పోవాలి. మీరూ మీ పిల్లలూ, మీ పెద్దలూ పది కాలాలు గాలి ఆడే చోట, చల్లగా ఉండాలి.